అరౌకేరియా చెట్టా, హౌలర్ కోతా? దక్షిణ బ్రెజిల్‌లో ఒక్క రోజే ఉంటే ఏది చూడాలి

ఖర్చు: అరౌకేరియాకి దాదాపు సున్నా. కొండ ప్రాంతంలో రోడ్డు పక్కనే, తిరగేసిన గొడుగులా నిలబడి ఉంటుంది. గోధుమ రంగు హౌలర్‌కి గైడు ఉంటే మేలు, ఆ డబ్బు అదనం.

శ్రమ: చెట్టు ఎక్కడికీ పోదు. కోతి మాత్రం ఆకులు తిని, రోజులో సగానికి పైగా కొమ్మల్లో కునుకు తీస్తుంది. అరుపే ఆనవాలు. గొంతులో డొల్లగా ఉబ్బిన ఎముక వల్ల ఆ గర్జన కిలోమీటరు దూరం వినిపిస్తుంది. మొదటిసారి వింటే కోతి అని ఎవరూ అనుకోరు!

తిండి: ఇక్కడ చెట్టుదే గెలుపు. చలికాలంలో పిన్యావ్ అనే దాని గింజల్ని ఉప్పునీళ్లలో ఉడికించి అమ్ముతారు. వేలంత పొడవు, గోధుమ రంగు తొక్క. వలిచి నోట్లో వేసుకుంటే మన ఉడికిన పనస గింజే గుర్తొస్తుంది.

రిస్క్: ఎల్లో ఫీవర్ అనే వైరస్ జ్వరం కోతి నుంచి నేరుగా రాదు, దోమలే మోస్తాయి. 2016-17లో ఆ జ్వరంతో ఈ కోతులే పెద్దసంఖ్యలో చనిపోయాయి. ఏది చూసినా పది రోజుల ముందే టీకా వేయించుకోండి. తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో సర్టిఫికెట్ అడుగుతారు.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే అపరాదోస్ ద సెర్రా నేషనల్ పార్కు వైపు, చెట్టుకే వెళ్లండి. ఓపిక, బైనాక్యులర్ ఉంటే పోర్టో అలెగ్రె నగరం దగ్గరి ఇటపువా అడవిలో కోతి కోసం కాచుకోండి.