ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివేవారికి ఏది మేలు: లైవ్ క్లాసా, రికార్డెడ్ పాఠమా?

ఎప్పుడో ఆగిపోయిన చదువును ముప్పై అయిదో ఏటనో నలభై అయిదో ఏటనో మళ్లీ అందుకునేవారికి ఆన్‌లైన్ విద్య పెద్ద ఆసరా. అయితే ఆన్‌లైన్ కోర్సులన్నీ ఒక తీరున ఉండవు. కొన్నింటిలో అధ్యాపకుడు నిర్ణీత వేళకు లైవ్‌లో బోధిస్తారు. మరికొన్నింటిలో ముందే రికార్డు చేసిన పాఠాలను విద్యార్థి వీలైనప్పుడు చూసుకుంటాడు. ఏది కావాలని అడిగితే తీరిక లేని పెద్దవారు సహజంగానే రెండోదాన్ని కోరుకుంటారు. కానీ కనీసం మొదటి సెమిస్టరు వరకు లైవ్ క్లాసే మేలని నా అభిప్రాయం.

రికార్డెడ్ పాఠానికి ఉన్న బలాన్ని తక్కువ చేయలేము. వారానికోసారి షిఫ్టు మారే ఉద్యోగినిని, మంచం పట్టిన తల్లిని చూసుకునే కొడుకును రోజూ రాత్రి ఏడింటికి క్లాసులో కూర్చోవాలని నిర్బంధిస్తే వారు చదువే మానుకోవలసి వస్తుంది. పైగా లెక్కలు మరిచిపోయినవారికి ఈ పద్ధతి ఎంతో ఓర్పు చూపుతుంది. కూడికను సూచించే సిగ్మా గుర్తు చూసి పదిహేనేళ్లయిన మనిషి, అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం పాఠంలో వర్గమూలం దగ్గర వీడియో ఆపి, కాగితం మీద అయిదు అంకెలతో లెక్క వేసి, జవాబు కలవకపోతే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య అదే సందేహాన్ని పైకి అడగాలంటే ఎంత మొహమాటమో అనుభవించినవారికే తెలుస్తుంది.

చిక్కంతా ఆ సౌలభ్యంలోనే ఉంది. రేపు చూడవచ్చులే అనుకున్న పాఠం ఆదివారానికి, ఆదివారం పాఠం పరీక్షల ముందు వారానికి జరుగుతుంది. అంతకన్నా లోతైన ఇబ్బంది మరొకటి ఉంది: రెండుసార్లు చూసిన వీడియో పూర్తిగా అర్థమైపోయినట్లే అనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాలు ఈ భ్రమ ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి. పాఠాన్ని మళ్లీ చదివినవారు 5 నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. మళ్లీ చదవడానికి బదులు, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు వారం తరువాత పెట్టిన పరీక్షలో వారిని దాటిపోయారు. మంచి లైవ్ క్లాసులో అధ్యాపకుడు పేరు పెట్టి ప్రశ్న అడిగినప్పుడు జరిగేది సరిగ్గా ఈ గుర్తు తెచ్చుకోవడమే. వీడియో ఆ పని దానంతటది చేయించదు. విద్యార్థే పూనుకుని చేయాలి, చాలా ఏళ్ల విరామం తరువాత చదువుకు కూర్చున్నవారికి తొలి నెలల్లో ఆ అలవాటు ఉండదు.

బ్రిటన్‌లో 1969లో ఏర్పడి, 1971లో బోధన ప్రారంభించిన ఓపెన్ యూనివర్సిటీ బీబీసీ టీవీ, రేడియోల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. అయినా ప్రసారాలతోనే సరిపెట్టుకోలేదు. అసైన్‌మెంట్లు దిద్దే ట్యూటర్లను నియమించింది, వేసవి శిబిరాలు నడిపింది. ఎదుటి మనిషి స్పందన లేకుండా పాఠం ఒక్కటే పెద్దవారిని చివరిదాకా నడిపించలేదన్న అవగాహన ఆ ఏర్పాటులో నాకు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక షరతు తప్పనిసరి. వందలమంది మైకులు ఆపేసి వినే లైవ్ ఉపన్యాసానికి, రికార్డింగుకు పెద్ద తేడా లేదు. అటువంటప్పుడు ఆపుకుంటూ చూడగల రికార్డింగే నయం. నేను మేలంటున్నది ఇరవై మందికి మించని, ప్రతి ఒక్కరికీ మాట్లాడే వంతు వచ్చే క్లాసు.

కాబట్టి వేళ కుదిరినవారు మొదటి సెమిస్టరులో వారానికి రెండు గంటలైనా అటువంటి క్లాసు ఉన్న కోర్సును ఎంచుకోవాలి. చదివే అలవాటు తిరిగి వచ్చాక రికార్డెడ్ పాఠాల వైపు మళ్లినా నష్టం లేదు. షిఫ్టుల వల్ల మొదటినుంచీ రికార్డింగులపైనే ఆధారపడక తప్పనివారు ఫీజు కట్టేముందు మూడు విషయాలు కనుక్కోవాలి: అసైన్‌మెంట్లకు వారం వారం గడువు ఉందా, రాసినదానిపై ట్యూటర్ వ్యాఖ్యలు ఎన్ని రోజుల్లో వస్తాయి, సందేహం వస్తే ఫోనులో మాట్లాడేందుకు నిర్ణీత సమయం కేటాయించారా. మూడింటికీ స్పష్టమైన జవాబు రాకపోతే, వీడియోలు ఎంత చక్కగా ఉన్నా, ఆ కోర్సులో చేరవద్దనే నేను చెబుతాను.