పనసపొట్టు: కొట్టించినదా, ఫ్రీజర్ ప్యాకెట్టా, డబ్బానా?

ఆవ పెట్టిన (అంటే నూరిన ఆవాలు కలిపిన) పనసపొట్టు కూర బాగుంటుందా లేదా అన్నది సగానికి సగం పొట్టు దగ్గరే, అంటే సన్నగా కొట్టిన లేత పనసకాయ దగ్గరే తేలిపోతుంది. అందుకే ఇప్పుడు దొరికే మూడు రకాలనూ ఆ కూరకి ఎంతవరకు పనికొస్తాయన్న లెక్కలోనే చూడాలి.

గోదావరి జిల్లాల మార్కెట్లలో కళ్లెదుట కొట్టి ఇచ్చే పొట్టుకి సాటి లేదు. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్ల చెక్కు తీసేసి, కాయని తిప్పుతూ టకటకా నరుకుతారు, నరికిన చోటల్లా చెక్కుతారు. పొట్టు సన్నగా, పొడిపొడిగా రాలుతుంది. కాయ ఎంచుకునే పని మాత్రం మనదే. లోపల గింజ కట్టనిది కావాలి. గింజకి పెంకు పడిందంటే పీచు ముదిరినట్టే, ఎంత ఉడికించినా పళ్లలో ఇరుక్కుంటుంది. ముందే కొట్టి కుప్పపోసిన పొట్టు చవగ్గా వచ్చినా వద్దు. అది ఎలాంటి కాయదో తెలీదు, పైగా గాలి తగిలి నల్లబడి ఉంటుంది. తెచ్చిన పొట్టుని వెంటనే వండకపోతే పసుపు కలిపిన పల్చటి మజ్జిగలో వేసి ఉంచాలి.

ఫ్రీజర్ ప్యాకెట్ రెండో స్థానం. విదేశాల్లో ఉన్నవాళ్లకి చాలాసార్లు ఇదే దిక్కు. కేరళ సరుకైతే లేబుల్ మీద ‘ఇడిచక్క’ అని ఉందో లేదో చూడండి. లేత కాయకి వాళ్ల పేరు అది. తొనలు కట్టిన పచ్చికాయ ముక్కలు ఈ కూరకి పనికిరావు. ప్యాకెట్‌ని చేత్తో కదిపితే ముక్కలు విడివిడిగా ఆడాలి. అంతా ఒకే గడ్డగా ఉండి మంచు పేరుకుని ఉంటే, దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాలి. ముక్కలు పెద్దవైతే, సగం కరిగి ఇంకా గట్టిగా ఉన్నప్పుడే కత్తితో సన్నగా తరిగేయండి. మిక్సీలో వేస్తే ముద్దవుతుంది. పూర్తిగా కరగనిస్తే నీరంతా వదిలి పొట్టు మెత్తబడిపోతుంది కాబట్టి, తరిగిన వెంటనే మరిగే నీళ్లలో వేసెయ్యాలి.

ఉప్పునీళ్ల డబ్బా ఈ కూరకి వద్దు. ముందే ఉడికి ఉంటుంది, పులుపూ ఉప్పూ లోపలిదాకా పట్టి ఉంటాయి. రెండుసార్లు కడిగి పిండి మసాలా కూరలోనో బిర్యానీలోనో వాడుకోవచ్చు. పాకంలో ఉన్న పండు తొనల డబ్బా కూడా పక్కనే పెడతారు, పొరపాటున అది తెచ్చుకోకండి.

ఇక వండడం. అరకిలో పొట్టుకి నిమ్మకాయంత చింతపండు. పొట్టుని పసుపు, ఉప్పు వేసి, మునిగేటన్ని నీళ్లలో పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. ఫ్రీజర్‌దైతే అయిదారు చాలు. వేళ్ల మధ్య నలిపితే నలగాలి గానీ ముద్ద కాకూడదు. వార్చి, చల్లారాక గట్టిగా పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే కూర నీళ్లోడుతుంది. నాలుగు చెంచాల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, జీడిపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వరసగా వేయించి, చిక్కటి చింతపండు పులుసు పోసి, పచ్చివాసన పోయాక పొట్టు కలిపి తడి ఆరేదాకా మగ్గించాలి.

ఆవ మాత్రం పొయ్యి మీద కలపకూడదు. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు కాసిని చల్లటి నీళ్లతో మెత్తగా నూరి, కూర గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. ఆవాల ఘాటు నూరినప్పుడు తడి తగిలి పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. అందుకే వేడి కూరలో కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. పైన ఒక చెంచా పచ్చి నూనె వేసి, వేయించిన ఊరమిరపకాయలు రెండు నలిపి కలిపితే రుచి నిండుగా వస్తుంది.

కలిపిన వెంటనే వడ్డించకండి, గంటసేపు మూతపెట్టి ఉంచండి. ఆవ పొట్టంతటికీ పట్టడానికి ఆ సమయం కావాలి.