స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఆదాయం తప్పు దిద్దిస్తామని డబ్బు అడిగేవారితో జాగ్రత్త

పిల్లల కాలేజీ స్కాలర్‌షిప్ దరఖాస్తులో కుటుంబ ఆదాయం తప్పుగా నమోదైతే, దానిని సరిచేయిస్తామని చెప్పి డబ్బు తీసుకునే దుకాణాలు శ్రీకాకుళం పట్టణంలో ఉన్నాయి. వాటిలో ఒకదానికి నేను 2,500 రూపాయలు ఇచ్చాను. అక్కడ జరిగింది దిద్దుబాటే కాదని నాకు తెలిసేసరికి గడువులో ఎనిమిది రోజులు గడిచిపోయాయి, పైగా మా అమ్మాయి దొంగ కాగితం తెచ్చిన విద్యార్థిగా అధ్యాపకురాలి ముందు నిలబడవలసి వచ్చింది. ఈ ఏడాది దరఖాస్తు చేస్తున్న తల్లిదండ్రులు ఎవరూ ఆ దారిన వెళ్లకూడదని జరిగినదంతా రాస్తున్నాను.

మాది పలాస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా కొద్దిపాటి జీడితోటను కూకటివేళ్లతో పెకలించిన తరువాత, ఒక జీడిపప్పు పరిశ్రమలో గుమాస్తాగా చేరాను. నా జీతం నెలకు 18,000 రూపాయలు, నా భార్య ఇంట్లో కుట్టుపని చేసి నెలకు సుమారు 3,000 సంపాదిస్తుంది. తహసీల్దారు కార్యాలయం ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో ఈ రెండూ కలిపి ఏడాదికి 2,52,000 రూపాయలని ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుకు పరిమితి రెండున్నర లక్షలు కాబట్టి రెండు వేల రూపాయల తేడాతో మేము దానికి దూరమయ్యాం. మాకు మిగిలిన ఆశ కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఒక్కటే. ఇంటర్మీడియట్‌లో తమ గ్రూపులో 80వ పర్సెంటైల్ దాటిన, అంటే నూటికి ఎనభై మందికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్లలకు, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయల చొప్పున వచ్చే అవకాశం ఉంటుంది. శ్రీకాకుళంలో హాస్టలులో ఉండి బీఎస్సీ చదువుతున్న మా అమ్మాయికి ఆ అర్హత ఉంది.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తును మా ఊరి నెట్ సెంటరులో వేయించాం. ఆ రోజు రద్దీ ఎక్కువగా ఉండడంతో ఆ కుర్రవాడు 2,52,000 అని కొట్టవలసిన చోట ఒక సున్న వదిలేసి 25,200 అని కొట్టాడు. మేము తెరమీద చదివి చూసుకోలేదు. తుది సమర్పణ అయిపోయి ప్రింటు చేతికి వచ్చాక, ఇంటికి వెళ్లిన తరువాత, అమ్మాయే ఆ అంకెను గమనించింది. అప్పటికి దరఖాస్తు మళ్లీ తెరిచి మార్చుకునే వీలు లేదు. తెలిసినవారు కొందరు, ఆదాయం తక్కువ పడితే మంచిదే కదా, ఎందుకు కంగారు అన్నారు. ఆ మాట నమ్మవద్దు. కాలేజీలో పరిశీలన సమయంలో ధ్రువపత్రం అసలును ముందు పెట్టుకుని దరఖాస్తులోని అంకెతో సరిచూస్తారు. రెండూ కలవకపోతే అంకె తక్కువైనా ఎక్కువైనా దరఖాస్తు ఆగిపోతుంది. ఇచ్చిన వివరాలన్నీ నిజమని విద్యార్థి అంగీకరించిన తరువాతే దరఖాస్తు సమర్పణ అవుతుంది. అబద్ధపు వివరాలతో స్కాలర్‌షిప్ పొందినట్టు తేలితే దానిని రద్దు చేసి, ఇచ్చిన డబ్బు తిరిగి వసూలు చేస్తారని పథకం నిబంధనల్లోనే ఉంది. ఇరవై ఐదు వేల రూపాయలతో ఏడాదంతా నలుగురు బతుకుతున్నారని రాసుకున్న కాగితం మీద మా అమ్మాయి పేరు ఉండడం నాకు నచ్చలేదు కూడా.

మరునాడు సెలవు పెట్టి, రైలులో ఆమదాలవలస చేరి, అక్కడి నుంచి బస్సులో శ్రీకాకుళం వెళ్లాను. నేరుగా కాలేజీకి వెళ్లి ఉంటే ఈ కథే ఉండేది కాదు. బస్సు దిగిన చోట, స్కాలర్‌షిప్ కరెక్షన్లు చేయబడును అని గోడకు అంటించిన కాగితం కనిపించి ఆ దుకాణంలోకి వెళ్లాను. అక్కడి మనిషి ప్రింటు చూసి, "బాబాయ్‌గారూ, సబ్మిట్ అయిపోయిన దాన్ని మామూలుగా ఎవరూ ముట్టుకోలేరు, ఆఫీసులో మనవాళ్లు ఉన్నారు, మూడు రోజుల్లో మార్పించేస్తాను" అన్నాడు. అతను చెప్పినదాంట్లో మొదటి సగం నిజం కావడంవల్ల రెండో సగాన్ని కూడా నమ్మాను. ఓటీఆర్ సంఖ్య (పోర్టల్‌లో ఒకసారి నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చేది), పాస్‌వర్డు, అమ్మాయి ఆధార్ నకలు, ఫోనుకు వచ్చిన ఓటీపీ, అన్నీ అడిగాడు, అన్నీ ఇచ్చాను. 2,500 నగదుగా తీసుకున్నాడు. రసీదు అడిగితే ఇలాంటి పనులకు రసీదులు ఉండవన్నాడు.

అంతటితో ఆగలేదు. ధ్రువపత్రంలోని అంకె చూసి, ఇంకో 4,000 ఇస్తే 2,40,000కి కొత్త ఆదాయ ధ్రువపత్రం తెప్పిస్తానని, దానితో ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా వచ్చేస్తుందని ఆశ పెట్టాడు. దానికి నేను ఒప్పుకోలేదు. నా భార్య మిషను మీద వంగి సంపాదించిన డబ్బును లేదని రాయించడానికి నాకు మనసు రాలేదు. పైగా సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థి మరే స్కాలర్‌షిప్పుగాని, రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుగాని తీసుకోకూడదన్నది నిబంధన. రెండూ ఇప్పిస్తానని ఎవరైనా చెబితే, వారికి నిబంధన తెలియదనో, తెలిసి మనల్ని ఊబిలోకి దింపుతున్నారనో అర్థం. అబద్ధపు ధ్రువపత్రం తెస్తానన్న మనిషి చేతిలోనే పాస్‌వర్డు ఉంచి ఇంటికి రావడం నేను చేసిన పెద్ద పొరపాటు, ఆ సంగతి ఆ రోజు రైలెక్కే ముందే నాకు తట్టి ఉండవలసింది.

మూడు రోజులన్నది వారమైంది. ఎనిమిదో రోజు అమ్మాయిని పిలిపించి ఒక కొత్త ప్రింటు ఇచ్చాడు. అందులో కుటుంబ వార్షికాదాయం 2,52,000 అని స్పష్టంగా ఉంది. అమ్మాయి సంతోషంగా ఆ కాగితాన్ని, అసలు ధ్రువపత్రాన్ని తీసుకుని కాలేజీలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ అధికారి దగ్గరకు వెళ్లింది. ఆవిడ అదే కాలేజీలో అధ్యాపకురాలు. ఆవిడ తన లాగిన్‌లో దరఖాస్తు తెరిస్తే తెరమీద 25,200 అనే ఉంది. పోర్టల్‌లో ఏమీ మారలేదు. దుకాణంలో మార్చింది మా ప్రింటు కాగితాన్ని మాత్రమే, కంప్యూటరులో ఆ ఒక్క అంకెను చెరిపి ఇంకో అంకె అతికించి మళ్లీ ముద్రించి ఇచ్చారు. దగ్గర పెట్టుకుని చూస్తే ఆ అంకెల అక్షరాలు పక్క వరుసలోని అక్షరాలకన్నా కొంచెం లావుగా కనిపిస్తాయి. ఈ కాగితం ఎవరు తయారు చేశారమ్మా అని ఆవిడ అడిగినప్పుడు, ఆ గదిలో మరో పదిమంది విద్యార్థులు ఉండగా, మా అమ్మాయికి నోట మాట రాలేదు. సాయంత్రం ఫోనులో ఏడుస్తూ, "నాన్నా, నేను ఫోర్జరీ చేశాననుకున్నారు" అంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ ఒక్క మాటకు నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

మరునాడు నేనే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడి, తరువాత ఓపికగా కూర్చోబెట్టి అసలు పద్ధతి చెప్పారు. అది ఇంత సులువని తెలిసి నాకు బాధ రెట్టింపైంది. తుది సమర్పణ అయిన దరఖాస్తు ముందుగా కాలేజీ నోడల్ అధికారి పరిశీలనకు వెళ్తుంది. అందులో పొరపాటు ఉంటే ఆ అధికారి తన లాగిన్‌లో దానిని డిఫెక్టివ్ అని గుర్తుపెట్టి, కారణం రాసి వెనక్కి పంపుతారు. అప్పుడు దరఖాస్తు విద్యార్థి లాగిన్‌లో మళ్లీ తెరుచుకుంటుంది, విద్యార్థి స్వయంగా సరిచేసి తిరిగి సమర్పించవచ్చు. దీనికి ఒక్క రూపాయి రుసుము లేదు. ఆఫీసులో మనవాళ్లు అనే మాటకు ఇక్కడ చోటే లేదు, ఎందుకంటే ఆ పని చేయగల మొదటి అధికారి మన పిల్లల కాలేజీలోనే కూర్చుని ఉంటారు. ఆవిడ మా ముందే దరఖాస్తును వెనక్కి పంపారు.

అయితే అమ్మాయి లాగిన్ తెరుచుకోలేదు. దుకాణదారు పాస్‌వర్డు మార్చేశాడు. అదృష్టవశాత్తు నమోదైన ఫోను నంబరు అమ్మాయిదే కావడంతో, మరచిపోయిన పాస్‌వర్డు దారిలో ఓటీపీ తెప్పించుకుని కొత్తది పెట్టుకోగలిగాం. నెట్ సెంటరువాళ్లు తమ సొంత నంబరుతో నమోదు చేసిన పిల్లల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. మీ దరఖాస్తులో ఏ నంబరు ఉందో తెలియకపోతే ఈ రోజే చూసుకోండి. మేము కళాశాల కంప్యూటరులోనే, ఒక్కొక్క అంకె పైకి చదువుకుంటూ 2,52,000 అని కొట్టి సమర్పించడానికి పదిహేను నిమిషాలు పట్టింది.

గడువుల విషయంలో మరొక మాట చెప్పాలి. పోర్టల్‌లో ప్రతి పథకం ఎదురుగా దరఖాస్తుకు చివరి తేదీ, లోపాల దిద్దుబాటుకు, కాలేజీ పరిశీలనకు చివరి తేదీలు విడివిడిగా ఉంటాయి. దరఖాస్తు తేదీ దాటిపోయిందని దిగులుపడి దళారులను ఆశ్రయించేవారిలో చాలామంది ఈ రెండో తేదీని, అంటే దిద్దుబాటు గడువును, చూసి ఉండరు. మాకు మొదటి తేదీ దాటిపోయింది, రెండోదానికి నాలుగు రోజులు మాత్రమే మిగిలి ఉంది. ఆ ఎనిమిది రోజులకు ఇంకో వారం కలిసి ఉంటే, ఆ అధ్యాపకురాలు ఎంత మంచివారైనా చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. అలాగే డిఫెక్టివ్ అన్నదీ, తిరస్కరణ అన్నదీ ఒకటి కాదు. మొదటిది దిద్దుకోమని ఇచ్చే అవకాశం, రెండోదాని తరువాత ఆ ఏడాదికి ఆ దరఖాస్తు కథ ముగిసినట్టే. అందుచేత పొరపాటు కనిపించిన రోజునే, పరిశీలన మొదలుకాకముందే, నోడల్ అధికారికి చెప్పాలి. నోటితో చెప్పడంతోపాటు ఏ గడిలో ఏమి పడింది, ధ్రువపత్రం ప్రకారం ఏమి ఉండాలి అని ఒక కాగితం మీద రాసి, ధ్రువపత్రం నకలు జతచేసి ఇవ్వడం మేలు. పరిశీలించేవారి ముందు వందల దరఖాస్తులు ఉంటాయి, నోటిమాట గుర్తుండదు.

ఒకవేళ పొరపాటు దరఖాస్తులో కాక ధ్రువపత్రంలోనే ఉంటే దారి వేరు. అప్పుడు మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లి, జీతపు కాగితాలు చూపించి, వీఆర్వో విచారణ జరిగిన తరువాత తహసీల్దారు సంతకంతో సరైన ధ్రువపత్రం తెచ్చుకోవాలి. నెలసరి జీతాన్ని ఏడాది గడిలో రాయడం, తల్లి సంపాదనను వదిలేయడం, ఈ రెండు తప్పులూ మా చుట్టుపక్కల ఎక్కువగా వింటున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో ఉంటుంది, దానికి కాలేజీతోపాటు సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకులను అడగాలి.

దుకాణానికి తిరిగి వెళ్లి డబ్బు అడిగాను. ప్రింటులో అంకె మారింది కదా, మీరడిగింది అదే కదా అని ఎదురు ప్రశ్న వేశాడు. రసీదు లేదు, ఇచ్చింది నగదు, నా దగ్గర ఉన్న ఆధారం ఆ అతికించిన ప్రింటు ఒక్కటే. దానిని చింపవద్దని, తారీకు రాసి దాచిపెట్టమని నోడల్ అధికారి చెప్పారు, దాచాను. ఆధార్ నకలు అతని దగ్గరే ఉండిపోయింది కాబట్టి అమ్మాయి ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేయించాం. మీలో ఎవరైనా ఇలాంటివారికి ఓటీపీలు చెప్పి, ఆ తరువాత బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోయినట్టు గమనిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోను చేయండి.

అమ్మాయి దరఖాస్తు కాలేజీ స్థాయి పరిశీలన దాటి పైకి వెళ్లింది. స్కాలర్‌షిప్ కొనసాగాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి, అది తన చేతిలో ఉన్న పని కాబట్టి దిగులు లేదు. మొన్న అమ్మాయిని హాస్టలులో దింపి వస్తూ ఆ వీధిలోంచే నడిచాను. పాత కాగితం తీసేసి, రెన్యువల్ కరెక్షన్లు కూడా చేయబడును అని కొత్తది అంటించారు. లోపల ఒక తల్లి, పక్కన యూనిఫాంలో ఉన్న కొడుకు, చేతిలో పచ్చ కవరుతో కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్లి ఆమెను బయటకు పిలిచి, ముందు కాలేజీకి వెళ్లి నోడల్ అధికారిని అడగమని చెప్పాను.