పోతపాల బిడ్డతో శంషాబాద్ నుంచి లండన్, అమెరికా: సెక్యూరిటీ దగ్గర ఏం చేయాలి

పాలు కలిపి తీసుకెళ్లకండి. పొడి, నీళ్లు విడివిడిగా ఉంటేనే మేలు. చేతిసంచీలో ద్రవాలు 100 మి.లీ. మించకూడదన్న నిబంధన బిడ్డ పాలకు వర్తించదు, ప్రయాణానికి సరిపడా అనుమతిస్తారు. కానీ కలిపిన పాలు బయట 2 గంటలే నిలుస్తాయి, క్యూలైన్లలోనే ఆ సమయం గడిచిపోతుంది.

హైదరాబాదు నుంచి లండన్‌కు సుమారు 10 గంటలు. ఇంటి నుంచి లెక్కేస్తే మూడు గంటలకోసారి తాగే బిడ్డకు ఆరుసార్ల పాలు కావాలి. ఆలస్యానికి మరో రెండుసార్లకు కలుపుకోండి. పొడిని గళ్ల డబ్బాలో కొలిచి పెట్టుకున్నా, లేబులున్న అసలు డబ్బా వెంట ఉండాలి. పేరులేని కవర్లో తెల్లపొడి కనిపిస్తే సంచీని పక్కకు లాగుతారు.

శంషాబాద్‌లో తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) వాళ్లు అడగకముందే పాలసామాను విడి ట్రేలో పెట్టి చెప్పండి. నీళ్లు తాగి చూపమనొచ్చు. అందుకు చిన్న కప్పు ఉంచుకోండి, బిడ్డ సీసాకు నోరు తగలకూడదు. స్ట్రోలర్ మడిచి ఎక్స్‌రేలోకి పంపాలి, బిడ్డను ఎత్తుకునే దాటాలి. ఆడవాళ్లకు తెరచాటున విడిగా తనిఖీ ఉంటుంది కాబట్టి ట్రేలు చూసుకునే పని తండ్రిది. ఫ్లాస్కు ఖాళీగా తీసుకెళ్లి, లోపల కాఫీ దుకాణంలో మరిగే నీళ్లు పట్టించుకోండి. పొడిలో ఉండే క్రిములు చావాలంటే నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలి. విమానంలో గోరువెచ్చని నీళ్లిస్తే వద్దని, టీకి పట్టే నీళ్లే అడగండి. కలిపాక సీసాను చన్నీళ్లలో ఉంచి చల్లార్చాలి.

లండన్‌లో విమానం మారేవాళ్లకు మళ్లీ తనిఖీ తప్పదు. అక్కడ పోతపాలకు బిడ్డ పక్కనే ఉండాలి.

అమెరికాలో ఇంకా తేలిక. బిడ్డ వెంట లేకపోయినా పాలు, చల్లదనానికి పెట్టిన ఐస్ ప్యాకులు వదులుతారు. సీసా మూత తీయొద్దని, ఎక్స్‌రే వద్దని అడగొచ్చు, బదులుగా మనకు అదనపు తనిఖీ చేస్తారు. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచీలో 350 మి.లీ. దాటిన పొడులకు విడిగా తనిఖీ ఉంటుంది, సిబ్బంది వాటిని లోపలికి వద్దనీ అనొచ్చు. పాలపొడికి మినహాయింపు ఉంది, కందిపొడికి లేదు. అమ్మమ్మ కట్టిచ్చిన కందిపొడి, కారప్పొడి చెకిన్ పెట్టెలో వేయండి. అవి పాలసంచీలో ఉంటే మొత్తం విప్పిస్తారు, బిడ్డ ఏడుస్తున్నా ఆగాల్సిందే.

అక్కడ కొత్త డబ్బా కొంటే పాత స్కూపు పారేయండి. కొన్నిటికి 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు, కొన్నిటికి 60కి ఒకటి.