లండన్ నుంచి సైకిల్ రైడ్: సర్రే హిల్సా, కాట్స్‌వోల్డ్సా?

రెండూ లండన్ బయటి కొండ ప్రాంతాలే.

ఖర్చు: సర్రే వైపు డార్కింగ్‌కి రైల్లో సుమారు గంట, టికెట్ తక్కువ. కాట్స్‌వోల్డ్స్‌లోని మోర్టన్-ఇన్-మార్ష్‌కి లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి గంటన్నర. టికెట్ ఎక్కువ, సైకిల్‌కి చోటు ముందే బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

శ్రమ: సర్రేలోని బాక్స్ హిల్ చడావు దాదాపు 2.5 కిలోమీటర్లు, సగటు వాలు 5 శాతం. 2012 ఒలింపిక్స్‌లో పురుషుల సైకిల్ రేసు దీన్ని తొమ్మిదిసార్లు ఎక్కింది. మెలికలు తిరిగే రోడ్డు కాబట్టి కొత్తవాళ్లూ ఓపిగ్గా ఎక్కేయొచ్చు. కాట్స్‌వోల్డ్స్‌లో రోజంతా ఎక్కడం, దిగడమే. స్నోస్‌హిల్ దగ్గర చిన్న గేరు లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి.

రిస్క్: బాక్స్ హిల్‌పై ఆదివారం రద్దీ. కాట్స్‌వోల్డ్స్‌లో సన్నటి దారులు, మలుపు తిరగ్గానే ట్రాక్టర్ ఎదురు కావచ్చు.

ఊళ్లు: సర్రేలో షియర్ ముచ్చటగానే ఉంటుంది. కానీ కాట్స్‌వోల్డ్స్‌లోని లోయర్ స్లాటర్‌లో తేనెరంగు రాతి ఇళ్లను ఒరుసుకుంటూ ఏరు పారుతుంది. నా ఓటు దానికే.

పూట మాత్రమే తీరికుంటే సర్రే. ఒక రాత్రి ఉండగలిగితే కాట్స్‌వోల్డ్స్.