పిల్లల రక్త క్యాన్సర్ వార్డు: పద్నాలుగు నెలలు తిరిగాక రాస్తున్న రివ్యూ

ఆసుపత్రి పేరు రాయడం లేదు. కింద తిట్లు కూడా ఉన్నాయి, మా పాప ఫైలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. విశాఖలో ఒక మెడికల్ కాలేజీకి చెందిన ఆసుపత్రి, అంతవరకు చాలు.

మాది శ్రీకాకుళం పక్కన పల్లె. మా అన్నయ్య కూతురికి ఆరేళ్లు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం, కాళ్లు నొప్పులని రాత్రుళ్లు ఏడవడం, ఎక్కడా పడకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, ఇవన్నీ చూస్తూ కూడా నెల రోజులు టైఫాయిడ్ అనుకుంటూ కూర్చున్నాం. ఆఖరికి బోన్ మ్యారో పరీక్షలో ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా) అనే రక్త క్యాన్సర్ అని తేలింది. పక్వానికి రాని తెల్ల కణాలు ఎముక మజ్జను నింపేసే జబ్బు, పిల్లల క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే. మొత్తం వైద్యం రెండు మూడేళ్లు.

నర్సింగుకి మాత్రం అయిదుకి అయిదు. వెన్నులో సూది వేసే గదిలోకి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందును రానివ్వరు. ఎందుకని అడిగితే సిస్టర్ విసుక్కోకుండా చెప్పారు, అది నరంలోకే ఎక్కాలట, పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుందట. అందుకే ఇద్దరు నిలబడి పాప పేరు, మందు పేరు పైకి చదివి చూసుకున్నాకే ఎక్కిస్తారు. ఆ మందు బిళ్ళగన్నేరు నుంచి తీస్తారని తెలిసి మా అమ్మ "మన పెరట్లో ఉన్నదేటి బాబూ?" అని మూడుసార్లు అడిగింది. ఆకులు నూరి పోసేస్తుందేమోనని భయమేసి, మొక్క విషం, దాన్నుంచి శుద్ధి చేసి తీసిన మందు వేరు అని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

వెయిటింగ్ హాల్లో విభాగం చరిత్ర అని ఒక పెద్ద బోర్డు ఉంటుంది. ఎవరు రిబ్బన్ కత్తిరించారు, ఎప్పుడు ఎన్ని మంచాలు పెరిగాయి, గంటలు గంటలు దాని ఎదురుగానే కూర్చోబెడతారు కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది. అందులో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు లేదు! ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపించిన మనిషి. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే మందులు ఆయన బృందం తయారు చేస్తే, వాటిలో అమినోప్టెరిన్‌ను 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఇదే జాతి జబ్బున్న పిల్లలకి ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో అచ్చయిన లెక్క ప్రకారం 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. నిలవలేదు, మళ్లీ తిరగబెట్టింది, కానీ అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. మా పాప ఇప్పుడు మింగుతున్న మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి చెల్లెలి వరస. రిబ్బన్ల కింద ఒక్క లైను రాస్తే బోర్డు బరువెక్కిపోతుందా?

అదే మాత్రతో మాకు గండం తప్పింది కూడా. అది వారానికి ఒక్కసారే వేయాలి. ఇక్కడ మా వైపు మెడికల్ షాపులో కుర్రాడు కవరు మీద "రోజూ రాత్రి" అని రాసిచ్చాడు. వార్డు సిస్టర్ మా పుస్తకంలో "శనివారం" అని ఎర్ర పెన్నుతో చుట్టి ఉండకపోతే వదిన రోజూ వేసేసేది. రోజూ వేసుకుంటే రక్తకణాల కౌంట్లు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కవరును నమ్మకండి, పుస్తకాన్ని నమ్మండి.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లోనే మొదలైంది, వాటిలో మనదొకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కీమోకి మేం పైసా కట్టలేదు. కానీ ఈ ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరుకి అయిదుకి ఒకటి, అది కూడా మొహమాటానికి. కాగితం ఒకటి తక్కువైతే అన్నీ ఒకేసారి చెప్పరు, రోజుకొకటి చెప్తారు, వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వచ్చినవాళ్లని "రేపు రండి" అనడానికి నోరెలా వస్తుందో.

ప్లేట్‌లెట్లకి దాతల్ని ముందే చూసుకోండి. తీసిన అయిదు రోజుల్లో వాడేయాలి కాబట్టి నిల్వ మీద ఆశ పెట్టుకోకూడదు. ఒక ఆదివారం రాత్రి టెన్షన్‌తో చచ్చాం, మా ఊరి కుర్రాళ్లు నలుగురు బైకుల మీద వచ్చి ఇచ్చారు.

క్యాంటీన్ జోలికి పోవద్దు. కౌంట్లు తక్కువున్న పిల్లలకి బయట తిండి పెట్టొద్దని పైన చెప్తారు, కిందికొస్తే మూత లేని బేసిన్‌లో చట్నీ. స్టెరాయిడ్ రోజుల్లో పాపకి గంటకోసారి ఆకలి, అందుకే వదిన తెల్లవారుజామునే లేచి క్యారేజీ కడుతుంది. నాలుగున్నరకల్లా కాంప్లెక్స్‌లో బస్సెక్కితే ఓపీ చీటీ మొదటి ఇరవైలో దొరుకుతుంది, ఆరు దాటితే మధ్యాహ్నమే.