యాంగిల్ ఫైండర్: స్లైడింగ్ బెవెలా, రెండు చేతుల డిజిటలా, అయస్కాంతపు డబ్బానా?

యాంగిల్ ఫైండర్, అంటే కోణం పట్టే పరికరం, కొనేముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు కావాల్సింది కోణమా, లేక ఆ కోణం ఎంతో చెప్పే అంకెనా? ఇది తేలితే సగం గొడవ పోతుంది, ఎందుకంటే చెక్కపనిలో చాలాసార్లు అంకెతో పనే ఉండదు.

ఉన్న కుర్చీకి విరిగిన కాలు మార్చాలి అనుకోండి. పాత కాలు వాలు ఎంతో అదే వాలు కొత్త చెక్క మీదికి రావాలి, అంతే. స్లైడింగ్ బెవెల్ (పిడికి స్క్రూతో బిగించే, ఏ కోణానికైనా తిరిగే బ్లేడు) అక్కడ ఆనించి, స్క్రూ బిగించి, తెచ్చి చెక్క మీద గీత గీస్తే అయిపోయింది. లేదా కరెంటు తీసేసిన టేబుల్ సా (బల్లలోంచి రంపం బిళ్ల పైకి వచ్చే మెషిన్) పళ్లెం మీద, బిళ్ల పక్కన పెట్టి, బిళ్లను బెవెల్ వాలుకి సరిపోయేదాకా వంచండి. అది పదమూడు డిగ్రీలా, పదమూడున్నరా అన్నది ఎవరికీ అక్కర్లేదు. డిజిటల్‌తో అయితే చదవాలి, గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ ఇంకో స్కేలు మీద సెట్ చేయాలి, ప్రతి అడుగులో కొంచెం తప్పు చేరుతుంది. బెవెల్‌కి బ్యాటరీ కూడా లేదు. చూడాల్సింది స్క్రూ బిగింపు ఒక్కటే, బిగించాక కూడా బ్లేడు కదిలే రకం మాత్రం తీసుకోకండి.

రెండు చేతుల డిజిటల్ అంటే రెండు స్టీలు స్కేళ్లు, మధ్యలో కీలు, దాని మీద చిన్న స్క్రీన్. గోడల మూలకి బీడింగ్, స్కర్టింగ్ (గోడ అంచుల వెంట వేసే చెక్క పట్టీలు) వేసేవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం, ఎందుకంటే ఏ గోడ మూలా సరిగ్గా 90 ఉండదు, పైగా ఇక్కడ మూలలో రెండు పట్టీలు కలుస్తాయి కాబట్టి అంకెని రెండుగా పంచాలి. కానీ కొత్తవాళ్లు తికమకపడేదీ ఇక్కడే. మూల 92 వచ్చిందంటే సగం 46 కదా అని మైటర్ సా (చెక్కని కావాల్సిన కోణంలో అడ్డంగా కోసే మెషిన్) 46కి పెట్టేస్తారు. చాలా మైటర్ సాల మీద సున్నా అంటే అడ్డంగా నేరు కోత, కాబట్టి 90లోంచి ఆ 46 తీసేసి 44కి పెట్టాలి. మూల సరిగ్గా 90 అయితే ఎలా చూసినా 45 కాబట్టి ఈ తేడా ఎవరికీ కనపడదు, వంకర మూల ఎదురైనప్పుడే బయటపడుతుంది. ఇంకో సంగతి: స్క్రీన్ మీద 0.1 డిగ్రీ వరకు చూపిస్తుంది గానీ, వీటిలో చాలా మోడళ్ల ఖచ్చితత్వం ±0.3 డిగ్రీలే. చూపించే అంకె సన్నగా ఉందని కొలత కూడా అంత సన్నగా ఉందనుకోకూడదు.

ఆ 0.3 చిన్నదేం కాదు. నాలుగు మూలల ఫ్రేముకి ఎనిమిది కోతలు, ప్రతి కోతలో 0.2 ఒకే వైపు తప్పినా చివరి మూల దగ్గర 1.6 డిగ్రీల సందు. ఆరు మూలల పెట్టెకి పన్నెండు కోతలు, 0.1 తప్పుతోనే 1.2 అవుతుంది. అందుకే ఫ్రేములకి ఏ పరికరాన్నీ నమ్మి నేరుగా అసలు చెక్క కోయకండి, తుక్కు ముక్కల మీద నాలుగు మూలలూ కోసి కలిపి చూడండి.

ఇక అయస్కాంతపు డబ్బా, అంటే అడుగున అయస్కాంతం ఉండి, వాలు ఎంతో స్క్రీన్ మీద చూపించే చిన్న డిజిటల్ డబ్బా. టేబుల్ సా ఉంటే దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. సా పళ్లెం మీద పెట్టి సున్నా నొక్కి, రంపం బిళ్లకి అతికించి, వంచుతూ అంకె చూడటమే. పళ్లు తగలకుండా బిళ్ల చదునుగా ఉన్న చోటే పెట్టాలి, ప్లగ్గు తీసేసే పెట్టాలి. పళ్లెం మీద సున్నా చేస్తాం కాబట్టి బల్ల కాస్త ఒరిగినా ఇబ్బంది లేదు, కానీ సున్నా చేశాక మెషిన్ని అంగుళం జరిపినా మళ్లీ సున్నా చేయాలి. బ్యాండ్ సా పళ్లెం వాలు, జాయింటర్ (చెక్క అంచు చదును చేసే మెషిన్) ఫెన్స్, డ్రిల్ ప్రెస్ పళ్లెం, అన్నిటికీ పనికొస్తుంది. అల్యూమినియం పళ్లెం అయితే అయస్కాంతం పట్టదు, ఊరికే కూర్చోబెట్టాలి. అడుగున ఇనుపరజను అతుక్కుంటుంది, తుడవకపోతే అదే తప్పు చూపిస్తుంది.

దీనికి తెలిసింది భూమి ఎటు లాగుతుందో ఒక్కటే. అందుకని పడుకోబెట్టిన కోణాన్ని కొలవలేదు: గోడల మూల, మైటర్ గేజ్ (టేబుల్ సా మీద చెక్కని కోణంలో తోసే గైడు), ఇవేవీ దీనికి అందవు. అలాంటి చోట రెండు చేతులదే దిక్కు.

90 డిగ్రీల తనిఖీకి మాత్రం ఇవేవీ వద్దు, మంచి గునియా (మూలమట్టం) చాలు. గునియానే సరిగ్గా ఉందా అంటే, నేరుగా ఉన్న అంచుకి ఆనించి గీత గీసి, తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకటైతే సరే, సందు కనిపిస్తే అసలు తప్పు అందులో సగం.

మరి ఏది ముందు? చేతి పనిముట్లతో చేసేవాళ్లకు బెవెల్, మిగతావి ఎప్పుడైనా. టేబుల్ సా కొన్నవాళ్లు బెవెల్‌తో పాటు డబ్బా కూడా. రెండు చేతుల డిజిటల్ ఇంటి మూలల్లో బీడింగ్, స్కర్టింగ్ పని తరచుగా చేసేవాళ్లే కొనండి, లేకపోతే అది డ్రాయర్‌లో పడి ఉంటుంది, తీసేసరికి బటన్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది.